నలభై ఐదు దాటితే వణికే బండి

మేం కొండలు దాటి తూర్పు లోయలోకి దిగేసరికి మధ్యాహ్నం రెండయింది. ఎండ నూట రెండు, ఇక్కడి ఫారెన్‌హీట్ డిగ్రీల్లో. గాలి పడమర నుంచి. పొగలో సూర్యుడు మసిబట్టిన రాగి చెంబులా ఉన్నాడు. క్యాంపు వేసింది కౌంటీ సంత జరిగే మైదానంలో. మాకు పడకలిచ్చింది పశువుల షెడ్డులో. గోడల మీద ఆవుల పేర్లు రాసిన అట్టలు ఇంకా అలాగే ఉన్నాయి. నా మడత మంచం దగ్గరున్న అట్ట మీద డెయిజీ అని ఉంది. డ్యూటీ అయ్యేదాకా డెయిజీ చోటులోనే పడుకున్నాను.

ముందే చెప్పేస్తాను, ఇది తుపాకుల కథ కాదు. బాతెల్‌లో మన తెలుగువాళ్ళ ఇళ్ళకి భోజనానికి వెళ్తే, నేను గార్డ్‌లో, అంటే ఇక్కడి పార్ట్‌టైం సైన్యంలో, పనిచేసి వచ్చానని తెలియగానే, బిర్యానీ ప్లేటు పట్టుకుని ఎవడో ఒకడు అడుగుతాడు: "ఎవర్నైనా కాల్చావా బ్రో?" కాల్చలేదు. వారంలో ఐదు రోజులు నాది సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. నెలకో వారాంతం యూనిఫాం వేసుకుని బండ్లు బాగుచేసేవాణ్ణి. పిలుపొస్తే పెట్టె సర్దుకుని వెళ్ళాలి. ఆ ఆగస్టులో అడవి మంటలకి పిలుపొచ్చింది. నేను చూసిన యుద్ధమంతా ఒక పాత ఫోర్‌వీల్ డ్రైవ్ ట్రక్కు కిందే జరిగింది. అందులో న్యాయం ఎవరి వైపు ఉందో ఆ మనిషే ఓడిపోయింది. తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది.

సామాను ఇచ్చారు. పసుపు చొక్కా, హెల్మెట్, తోలు గ్లౌజులు, మంట చుట్టుముడితే కప్పుకోడానికి వెండిరంగు గుడారం మడిచిన సంచి. ఆర్డర్ తేలిక. ఉదయం ఐదున్నరకి ఎనిమిది ట్రక్కులు బయల్దేరాలి. ఒక్కో దాని వెనక ఎనిమిది మంది, పారలు, గొడ్డళ్ళు, నీళ్ళ డబ్బాలు. హైవే మీద ముప్పై మైళ్ళు, ఆ తర్వాత కొండ మీదికి కంకర రోడ్డు. పైన మంటకి అడ్డంగా మట్టి తేలేదాకా నేల గీకాలి. సాయంత్రం అదే దారిన దిగాలి. హైవే మీద గంటకి యాభై మైళ్ళు, ఎక్కువా తక్కువా కాకూడదు. ఇది లెఫ్టినెంట్ మాట. చిన్నవాడు, మర్యాదస్తుడు, ఎప్పుడూ గొంతు పెంచడు.

ఏడో బండికి దాదాపు ముప్పై ఏళ్ళు. దాని డ్రైవర్ ఆ లోయలోనే ఆపిల్ తోటల్లో పెరిగిన అమ్మాయి. స్కూలు రోజుల నుంచీ ట్రాక్టర్లు నడిపిన చెయ్యి. మా యూనిట్‌లో ఆ లోయ శాఖకి పర్మనెంట్ డ్రైవర్ ఉద్యోగం ఒకటి ఖాళీ అవబోతోంది. దానికి అప్లై చేసింది. సర్వీసులో మచ్చ ఉండకూడదు, అంతే షరతు. ఆ ఉద్యోగం వస్తే ఊరు వదలక్కర్లేదని, తోట పని చూసుకుంటూనే చేసుకోవచ్చని అందరికీ చెప్పేది.

మొదటి రోజు సాయంత్రమే నా దగ్గరికి వచ్చింది.

"సార్జెంట్, నలభై ఐదు దాటితే వణుకుతోంది."

"స్టీరింగ్‌లోనా?"

"కాదు. సీటు కింద నుంచి వస్తోంది. సన్నగా, జుమ్మని. యాభైలో ఇంకా ఎక్కువ."

ఆ రెండు ముక్కల్లోనే సగం జబ్బు తేలిపోయింది. బండి గేర్ల పెట్టె నుంచి వెనక ఇరుసుకి ఒక పొడుగాటి ఇనుప గొట్టం తిరుగుతూ బలాన్ని మోస్తుంది. అదే డ్రైవ్‌షాఫ్ట్. చక్రం ఒక చుట్టు తిరిగేలోగా అది నాలుగు చుట్లు తిరుగుతుంది. అందుకే చక్రంలో తేడా ఉంటే బండి ఊగుతుంది, షాఫ్ట్‌లో తేడా ఉంటే జుమ్మంటుంది. వెళ్ళి మా మోటార్ సార్జెంట్‌కి చెప్పాను. ఆయన నా పైవాడు, బండ్ల షెడ్డంతా ఆయన చేతిలోనే. పాతికేళ్ళ సర్వీసు. చెడ్డవాడని అనను, ఎండలో తన నీళ్ళ సీసా పక్కవాడికిచ్చే మనిషి. కుర్చీలోంచి లేవకుండానే తేల్చేశాడు.

"టైర్లు."

"టైర్లయితే స్టీరింగ్ ఊగాలి. ఒక్కసారి కిందికి దూరి షాఫ్ట్ చూస్తాను."

"నీకు రెండో బండి బ్రేకులు చెప్పాను. అది చూడు."

టైర్లు మార్చారు. అవి కొత్తవీ కావు. మూడో బండివి ఏడో దానికి, ఏడో దానివి మూడో దానికి. మర్నాడు మూడో బండి ఆ టైర్ల మీదే వెన్నలా పోయింది. ఏడోది ఎప్పటిలాగే వణికింది. బుర్ర ఉన్నవాడెవడికైనా అక్కడే అర్థం కావాలి. ఎద్దు ఈనిందంటే దూడని కట్టెయ్యమన్నట్టు, మోటార్ సార్జెంట్ ఇంకోలా అర్థం చేసుకున్నాడు. "చూశావా, టైర్లు బాగానే ఉన్నాయి. అంటే తేడా డ్రైవర్‌లో ఉంది."

నేను మళ్ళీ అడిగాను. మళ్ళీ వేరే బండి చెప్పాడు. నాకు రోజూ ఏదో ఒక బండి పని ఉండేది, ఏడోదొక్కటి తప్ప.

మా రేడియో మనిషి తెలుగువాడే. తూర్పు తీరాన ప్లెయిన్స్‌బరోలో పుట్టి పెరిగి, మందుల కంపెనీ ఉద్యోగానికి పడమరకి వచ్చాడు. ముప్పై దాటినవాడు, నాకన్నా పదేళ్ళే చిన్న. అయినా నన్ను అంకుల్ అంటాడు. తెలుగువాడు కనబడితే అంకుల్ అనాలని వాళ్ళమ్మ నేర్పిందట. అన్నా అనవయ్యా అని నెత్తీ నోరూ కొట్టుకున్నాను, లాభం లేదు. కాన్వాయ్‌లో లెఫ్టినెంట్ పక్క సీటు అతనిదే. డ్రైవర్లు ఏం చెప్పినా ముందు అతని చెవిలో పడేది. లెఫ్టినెంట్‌కీ ఏడో బండికీ మధ్య రోజూ ఒకే పాట.

"ఏడు, వెనకబడుతున్నావు."

"నలభై రెండులో ఉన్నాను సర్. వైబ్రేషన్."

"టైర్లు మార్చారు కదా."

"మార్చారు సర్. వణుకు మారలేదు."

"యాభైకి రా."

ఆమె యాభైకి వచ్చేది. వెనక ఎనిమిది మంది పళ్ళు బిగబట్టుకుని కూర్చునేవాళ్ళు. సాయంత్రం భోజనాల దగ్గర వాళ్ళలోనే ఒకడు ఆ బండి తలుపు మీద చాక్‌పీసుతో "మసాజ్ కుర్చీ, ఉచితం" అని రాశాడు. అందరూ నవ్వారు. మోటార్ సార్జెంట్ కూడా నవ్వాడు. అత్త కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు అంటారే, ఆ అమ్మాయి మొహంలో అది చూశాను. తడిగుడ్డ తెచ్చి ఆ రాత తుడిచేసింది.

మూడో వారంలో ఒక ఉదయం కాన్వాయ్ హైవే వదిలి కంకర రోడ్డు ఎక్కింది. ఒక పక్క కొండ, ఇంకో పక్క లోయ. మధ్యలో ఒకచోట రోడ్డు దిగి మళ్ళీ ఎక్కుతుంది. ఆ దిగుడులో, ముప్పై ఐదులోనే, ఏడో బండి జుమ్మంది. కాలిన గ్రీజు వాసన కూడా వచ్చింది. ఆమె బండిని కొండ వైపుకి తీసి ఆపింది. చక్రాల కింద దిమ్మలు పెట్టింది. వెనకున్న ఎనిమిది మందినీ దింపేసింది. అప్పుడు రేడియో తీసుకుంది. ఆఖర్న వస్తున్న రిపేరు బండిలో నేనున్నాను, ప్రతి మాటా విన్నాను.

"ఏడు ఆగింది సర్. మనుషుల్ని ఎక్కించుకుని కదలదు."

"ఎవరి ఆర్డర్?"

"నాదే సర్. కింద ఏదో పోతోంది."

"మోటార్ సార్జెంట్ బండి బాగుందన్నాడు. ఎక్కించుకుని రా. ఇది ఆర్డర్."

రేడియో గరగరమంది.

"ఖాళీ బండి అయితే ఎక్కడికంటే అక్కడికి తీసుకొస్తాను సర్. మనుషులతో కదపను."

ఆ ఎనిమిది మందినీ మిగతా బండ్లలో కుక్కారు. పైన పని గంట ఆలస్యమైంది. ఎవరికీ ఏమీ కాలేదు, మంట గీత దాటలేదు. కానీ లెఫ్టినెంట్ మొహం తెల్లబడింది. ఏడో బండిని గొలుసేసి క్యాంపుకి లాక్కొచ్చారు. ఆమె మిలిటరీ లైసెన్స్ అక్కడికక్కడే తీసేసుకున్నారు. ఆర్డర్ ధిక్కరించినందుకు ఒక రోజు ఆగి ఇంటికి పంపించేస్తారని, అది సర్వీసు రికార్డులో పడుతుందని షెడ్డంతా తెలిసిపోయింది. పర్మనెంట్ ఉద్యోగం మాట ఎవరూ ఎత్తలేదు. ఎత్తక్కర్లేదు.

అప్పుడు నన్ను పిలిచారు. అంతకాలం అడిగితే చూడనివ్వని బండిని ఇప్పుడు చూడమన్నారు. ఎందుకో తెలుసా? లెఫ్టినెంట్ మర్యాదగానే చెప్పాడు. "బండి చెక్ చేసి, బాగానే ఉందని నాకు చెప్పు సార్జెంట్." చెక్ చేసి ఎలా ఉందో చెప్పమనలేదు. బాగానే ఉందని చెప్పమన్నాడు.

సరే సర్ అని బండి తాళాలు తీసుకున్నాను.

మైదానం వెనక తిన్నని రోడ్డుంది, మనుషులు తిరగనిది. ఒక్కణ్ణే వెళ్ళాను. నలభై ఆరులో మొదలైంది. ఆ అమ్మాయి చెప్పినట్టే, సీటు కింద, సన్నగా. గేరు న్యూట్రల్‌లోకి తీశాను. ఇంజన్ నెమ్మదించింది, వణుకు నెమ్మదించలేదు. అంటే ఇంజన్‌ది కాదు. తిరిగి వచ్చి కిందికి దూరి వెనక షాఫ్ట్ బోల్టులు విప్పి, దాన్ని ఊడదీసి బయట పెట్టాను. ఇది ఫోర్‌వీల్ డ్రైవ్ కాబట్టి వెనక షాఫ్ట్ లేకపోయినా ముందు చక్రాలతోనే పోతుంది. ఈసారి రేడియో మనిషి వస్తానన్నాడు. రమ్మన్నాను. నీళ్ళ సీసా మూత తీసి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. నలభై ఐదు. యాభై. యాభై ఐదు. సీసాలో నీళ్ళు కదల్లేదు.

"అంకుల్, పోయింది. టోటల్లీ పోయింది."

"ఎక్కడికీ పోలేదు. షెడ్డులో నేల మీదుంది, పద."

షాఫ్ట్ ఒకే గొట్టం కాదు, రెండు ముక్కలు. బండి ఎగిరిపడినప్పుడు పొడుగు మారాలి కాబట్టి ఒకటి ఇంకోదాంట్లోకి పళ్ళ మీద జారుతుంది. రెండు చివర్లా పంగల కర్రలాంటి చీలికలుంటాయి. ఆ రెండు చీలికలూ ఒకే వరసలో ఉండాలి. లేకపోతే తిరిగే ప్రతి చుట్టుకీ ఒకదాన్నొకటి గుంజుకుంటాయి. షాఫ్ట్‌ని సిమెంటు నేల మీద పడుకోబెట్టాను. ఒక చివర చదునుగా ఆనింది. రెండో చివర ఒక పక్క లేచి నిలబడింది, కింద అగ్గిపెట్టె దూరేంత. కిందటిసారి బిగించినవాడు ఒక పన్ను తప్పించి బిగించాడు.

ఇలా తప్పకూడదనే తయారుచేసేటప్పుడు రెండు ముక్కల మీదా చెరో బాణం గుర్తు కొడతారు. బాణాలు ఎదురెదురుగా వస్తే సరి. పిల్లలాట. కానీ ఇక్కడ బాణాలు లేవు. ఆకుపచ్చ రంగు ఉంది, దళసరిగా, దోసె మీద దోసె పోసినట్టు. థిన్నర్‌లో గుడ్డ ముంచి రుద్దాను. ఒక బాణం బయటపడింది. రెండోది బొటనవేలంత పక్కన బయటపడింది.

రంగు ఎందుకుందో మీకు చెప్పాలి, ఎందుకంటే ఇలాంటి తప్పు ఇంకెవరూ చెయ్యరు. మా దగ్గర ఒక ఆచారం ఉంది. పెద్ద ఆఫీసర్ చూడ్డానికి వస్తున్నాడంటే, కదిలే ప్రతిదానికీ సెల్యూట్ కొట్టాలి, కదలని ప్రతిదానికీ రంగెయ్యాలి. ఆ వసంతంలో ఒకాయన వచ్చాడు. దారి పక్క రాళ్ళకి రంగేశాం. చెత్తడబ్బాలకి వేశాం. ఆయన వంగి చూస్తాడేమోనని బండ్ల అడుగులకీ వేశారు. ఆయన వంగలేదు. బండ్ల షెడ్డుకి మంచి పేరొచ్చింది. జూన్‌లో ఏడో బండి షాఫ్ట్ చివరి జాయింట్లు మార్చడానికి ముక్కలు ఊడదీశారు. బిగించేటప్పుడు బాణాలు కనబడలేదు. కంటి అంచనాతో తోసేశారు. ఆ రంగేసిన వాళ్ళలో ఒక్కడికైనా తను వేస్తున్నది దేని మీదో చూసుకోవాలని తోచలేదు. పైన పటారం, లోన లొటారం.

ఒక చివర కొత్త జాయింట్ అప్పుడే నలిగిపోయింది. లోపలి సూదుల్లాంటి బేరింగులు ఎర్రటి పొడి అయిపోయాయి. ఇంకొన్నాళ్ళు అలాగే తిరిగి ఉంటే రోడ్డు మీదే ఊడేది. ముందు చివర ఊడితే ఆ గొట్టం నేలలో గుచ్చుకుంటుంది, బండి దాని మీదికి లేస్తుంది. పక్కన లోయ. వెనక ఎనిమిది మంది. ఆమె దింపిన ఎనిమిది మంది.

మోటార్ సార్జెంట్ వచ్చాడు. బాణాల ముందు గొంతుక్కూర్చున్నాడు.

"జూన్‌లో బిగించింది నేనే," అన్నాడు.

ఆ మాట ఆయనే అన్నందుకు నాకు కాస్త గౌరవం కలిగింది. అది ఎక్కువసేపు నిలవలేదు.

"సరిచెయ్. కొత్త జాయింట్ వెయ్. చిన్న సర్దుబాటు చేశామని లెఫ్టినెంట్‌కి చెబుదాం."

"మరి డ్రైవర్?"

"ఆమె ఆర్డర్ కాదంది. అది వేరే సంగతి."

"అది వేరే సంగతి ఎలా అవుతుంది? ఇదే సంగతి."

లేచి మోకాళ్ళు దులుపుకున్నాడు. "నీకెందుకింత పట్టుదల?" అన్నాడు. కందకి లేని దురద కత్తిపీటకెందుకని మన సామెత ఇంగ్లీషులో ఆయన చెప్పినట్టనిపించింది. కందకి దురద ఉందండీ. షెడ్డు అరుగు మీద కూర్చుని సంచి సర్దుకుంటోంది. ఆమెని అడిగినవాడు లేడు, అంతే. వసంతంలో షాఫ్ట్‌కి చేసిందే ఇప్పుడు మనిషికి చేస్తున్నారు. మసిపూసి మారేడుకాయ చెయ్యడం అంటే అదే.

మర్నాడు ఉదయం నాలుగున్నరకి భోజనాల టెంట్‌లో లెఫ్టినెంట్ గుడ్లు తింటున్నాడు. నలిగిన జాయింట్ తీసుకెళ్ళి ఆయన ప్లేటు పక్కన పెట్టాను. ఎర్ర పొడి బల్ల మీద రాలింది. సంగతంతా చెప్పాను. బాణాలు, రంగు, జూన్, ఆ దిగుడు. ఆయన ఫోర్కు పక్కన పెట్టి శ్రద్ధగానే విన్నాడు.

"మంచి పని చేశావు సార్జెంట్. బండి లోపం నిజమే. కానీ ఆర్డర్ కాదన్నప్పుడు ఆ సంగతి ఆమెకి తెలియదు కదా."

"తెలుసు సర్. వచ్చిన రోజు నుంచీ చెబుతూనే ఉంది. తెలియంది మనకి."

వెనక నుంచి రేడియో మనిషి వచ్చి నా పక్కన నిలబడ్డాడు. "అవును సర్. రోజూ చెప్పింది. మీ పక్కనే కూర్చుని నేనూ విన్నాను."

పక్క బల్ల దగ్గర మోటార్ సార్జెంట్ కాఫీ కప్పులోకి చూస్తున్నాడు. ఒక్క మాట చాలు ఆయన నోట. రాలేదు.

లెఫ్టినెంట్ గొంతు పెంచలేదు. "ప్రతి డ్రైవరూ తనకి తోచినప్పుడు ఆగిపోతే కాన్వాయ్ ఉండదు. పైకి చెప్పేశాను, అయిపోయింది."

"ఆగకపోయి ఉంటే మీరు పైకి ఇంకోటి చెప్పాల్సి వచ్చేది సర్."

"చాలు సార్జెంట్."

బయటికొచ్చాక రేడియో మనిషి చేతులు జేబుల్లో పెట్టుకుని నిలబడ్డాడు. "అంకుల్, దిస్ ఈజ్ నాట్ రైట్. మనం కరెక్ట్ చెప్పాం కదా. మరి ఎందుకు?" తెలుగులో ఒక తిట్టు తిట్టాను. దాని అర్థం అడిగాడు. వాళ్ళమ్మని అడగొద్దని చెప్పాను.

పొగలోనే సెప్టెంబర్ వచ్చింది, ఒక రాత్రి వాన పడింది, మమ్మల్ని వెళ్ళమన్నారు. కొండలు దాటి ఇటు వైపు దిగితే అంతా పచ్చగా ఉంది. నా చొక్కాలు మూడుసార్లు ఉతికినా వాసన పోలేదని మా ఆవిడ గరాజ్‌లో ఆరేసింది. ఫోన్‌లో రోజూ అంతా చెప్పేవాణ్ణి కాబట్టి మొదటి ప్రశ్న అదే వేసింది.

"ఆ అమ్మాయికి ఉద్యోగం వచ్చిందా?"

"రాలేదు."

"మరి ఆ షాఫ్ట్ బిగించినాయనకి?"

"మా షెడ్డు మొత్తానికి మెచ్చుకోలు ఇచ్చారు. లోపాన్ని టైముకి కనిపెట్టామట."

"మీరు తీసుకున్నారా?"

తీసుకోలేదు. ఆ ఏడాది గడువు అయ్యాక మళ్ళీ సంతకం కూడా పెట్టలేదు. ఎందుకు మానేశావని విందుల్లో అడుగుతారు. ఆఫీసు పని ఎక్కువైందంటాను. ఈ కథంతా చెప్పేసరికి వాళ్ళ బిర్యానీ చల్లారిపోతుంది.

ఆమె వెళ్ళిన ఉదయం మాత్రం నన్ను వదల్లేదు. పది గంటలకి వ్యాన్ రావాలి. నేను అప్పటికి కొత్త జాయింట్ వేసి, బాణాలు ఎదురెదురుగా పెట్టి, షాఫ్ట్ బిగించేశాను. ఏడో బండిని రోడ్డు మీదికి తీస్తుంటే ఆమె గేటు దగ్గర తన సంచి మీద కూర్చుని ఉంది. లైసెన్స్ లేదు, ఎక్కకూడదు. కిటికీ దించాను.

"ఏమిటి కారణం?" అంది. తన గురించి కాదు, బండి గురించే.

చెప్పాను. విని తల ఊపింది. "ఎంత దాకా పోనిస్తారు?"

"యాభై ఐదు."

"ఇటు నుంచే రండి సార్జెంట్. నాకు వినబడాలి."

రోడ్డు చివరిదాకా వెళ్ళి, తిప్పుకుని, యాభై ఐదులో గేటు ముందు నుంచి వచ్చాను. బండి తాపీగా, మెత్తగా పోతోంది. ఆమె లేచి రోడ్డు పక్కన నిలబడి ఉంది. కళ్ళు మూసుకుంది. రెండు చేతులూ పొట్ట ముందు గాలిలో ఉన్నాయి, స్టీరింగ్ పట్టుకున్నట్టు, వేళ్ళు కాస్త ముడిచి. అలా పెట్టానని ఆమెకి తెలుసని నేననుకోను. దాటాక అద్దంలో చూశాను. మలుపు వచ్చేదాకా ఆమె ఆ చేతులు దించలేదు.